ముంద్రా నుంచి ఫోన్ చేసిన ఆ సోదరికి, ఇంకా కొందరికి

ఈ రోజు కొత్త ఉద్యోగంలో చేరాను. సాయంత్రం విశాఖపట్నం పోర్టు ఏరియాలోని ఆఫీసు నుంచి కంచరపాలెంలోని ఇంటికి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా ఇది రాయడానికి కూర్చున్నాను. ఒంట్లో ఓపిక లేదు, కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా ఒక నిద్ర తీశానంటే రేపటికి ఇవన్నీ మామూలు విషయాల్లా కనిపిస్తాయేమోనన్న భయంతో, తప్పులుంటే క్షమించమని కోరుతూ రాసేస్తున్నాను. (క్షమించమని రాయకూడదని ఒకరు నాకు గట్టిగా చెప్పారు. ఈ పోస్టు ఆమె గురించే.)

తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. 2008 నుంచి నేను చేస్తున్నది సముద్ర ఉత్పత్తుల ఎగుమతి పత్రాల పని. ఒక రొయ్యల కంటైనర్ ఓడ ఎక్కాలంటే ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు (ఎగుమతి అనుమతి కోసం కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం), ఆరోగ్య ధ్రువపత్రం, సర్టిఫికేట్ ఆఫ్ ఆరిజిన్ (సరకు ఏ దేశానిదో చెప్పే పత్రం), బిల్ ఆఫ్ లేడింగ్ (సరకు అందిందని ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) అన్నీ ఒకదానితో ఒకటి అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. ఆ సరిపోల్చే పనే నాది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరకుల్లో చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యలకు అతి పెద్ద మార్కెట్ ఆ దేశమే కావడంతో బుకింగులు ఒక్కొక్కటిగా రద్దయ్యాయి, మా డెస్కులో ఉన్న తొమ్మిది మందిలో అయిదుగురం అక్టోబరులో ఇంటికి వచ్చేశాం. యజమానిని తప్పు పట్టను, రెండు నెలల జీతం చేతిలో పెట్టే పంపారు.

నలభై నాలుగేళ్ల వయసులో ఉద్యోగం వెతుక్కోవడం ఎలాగో నాకు తెలియదు. పాత ఉద్యోగం ఒక బంధువు చెప్పిన మాట మీద, ఒక్క పూటలో వచ్చింది. ఈసారి తెలిసినవారందరికీ ఫోన్ చేశాను. అందరూ అదే వ్యాపారంలో ఉన్నారు, అందరికీ అదే కష్టం; నాకు చెప్పడానికి వారి దగ్గర కొత్త కబురు ఏముంటుంది? అప్పుడు మా అమ్మాయి, ఉద్యోగాలవాళ్లు కలుసుకునే లింక్డ్‌ఇన్ అనే వెబ్‌సైటులో ఖాతా తెరిచి ఇచ్చింది. లింక్డ్‌ఇన్ మొదలైంది 2003లోనట. మన పోర్టులో కంటైనర్ టెర్మినల్ మొదలైన సంవత్సరమూ అదే. మొదటిదాని గురించి ఇరవై రెండేళ్ల పాటు ఏమీ తెలియకుండా, రెండోదాని గేటు దగ్గర జీవితం గడిపేసినవాడిని నేను.

ఖాతా తెరవగానే పని అయిపోతుందనుకోవడం నా అమాయకత్వం. పేరు కింద ‘ఉద్యోగం కోసం చూస్తున్నాను’ అని రాసి ఊరుకున్నాను. ఫోటో చుట్టూ, పని వెతుకుతున్నానని చెప్పే ఆకుపచ్చ వలయం పెట్టుకుంటే ఊళ్లో అందరికీ తెలిసిపోతుందని, రిక్రూటర్లకు మాత్రమే కనిపించే పద్ధతి ఎంచుకున్నాను. సంక్రాంతికి ఊరు కూడా వెళ్లలేదు. అరుగు మీద కూర్చున్న ప్రతివారూ ‘ఇప్పుడు ఎక్కడ చేస్తున్నావు?’ అని అడుగుతారు, వారు అడగడంలో తప్పు లేదు, నా దగ్గరే జవాబు లేదు.

చివరికి పండుగకు నాలుగు రోజుల ముందు, రాత్రి పదకొండు గంటలకు, తెలుగులోనే ఒక పోస్టు రాశాను. ఇంగ్లీషులో రాయగలను, కానీ ఆ రాత్రి రాలేదు. ఏ పని చేశానో రెండు వాక్యాల్లో, నా పరిస్థితి పది వాక్యాల్లో రాశానని ఇప్పుడు చదివితే తెలుస్తోంది. తెల్లారేసరికి ఇరవై మూడు లైకులు, ‘మంచి జరగాలి సర్’ అని అయిదారు వ్యాఖ్యలు వచ్చాయి. వాటితో పాటు ఒక మెసేజి: “మీ నంబరు ఇస్తారా? రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఖాళీ అవుతాను.”

ఆమెది టెక్కలి వైపు. గుజరాత్‌లోని ముంద్రాలో ఒక ఓడ కంపెనీ పత్రాల విభాగంలో పని చేస్తున్నారు. తన పేరు ఎక్కడా రాయవద్దని మాట తీసుకున్నారు కనుక రాయడం లేదు. నాకన్నా పదేళ్లు చిన్నవారు. ఆమెను నేను ఇప్పటికీ చూడలేదు.

ఫోన్ ఎత్తగానే కుశల ప్రశ్నలేమీ లేవు. “అన్నయ్యగారూ, మీ పోస్టులో మూడు చోట్ల ‘క్షమించండి’ అని ఉంది. ఎవరికి చెబుతున్నారు, ఎందుకు చెబుతున్నారు?” అని అడిగారు.

నేను జవాబు చెప్పలేకపోయాను. చెప్పబోతే గొంతు పూడుకుపోయింది. అక్టోబరు నుంచి ఇంట్లోవాళ్ల ముందు ఒక్కసారి కూడా బయటపడనివాడిని, ముక్కూమొహమూ తెలియని మనిషి దగ్గర ఏడ్చాను. ఆమె ఫోన్ పెట్టేయలేదు, ఊరుకోండని కూడా అనలేదు. అవతల కుక్కర్ కూత వినిపించింది. కొంతసేపటికి, “నేను పప్పు దించి వస్తాను, ఈలోగా మీరు మంచినీళ్లు తాగి రండి” అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు పరువు మిగిల్చారు. ఈ సంగతి మా ఆవిడకు కూడా ఇది చదివాకే తెలుస్తుంది.

ఆ తర్వాత గంటా ఇరవై నిమిషాలు మాట్లాడాం. ఉదయం ఆఫీసుకు వెళ్లింది మొదలు సాయంత్రం వరకు నేనేం చేసేవాడినో వరుసగా చెప్పమన్నారు. ‘డాక్యుమెంటేషన్ చూసేవాడిని’ అంటే ఒప్పుకోలేదు. నెలకు ఎన్ని షిప్పింగ్ బిల్లులు, ఏ దేశాలకు, కస్టమ్స్ వారి వెబ్‌సైటు ఐస్‌గేట్‌లో స్వయంగా దాఖలు చేసేవారా, వెనక్కి వచ్చిన బిల్లులు ఎన్ని? మాటల్లో మాటగా 2019 నాటి ఒక సంగతి చెప్పాను. పాత నమూనా చూసి టైపు చేయడం వల్ల, బ్రెడ్ పొడి అద్దిన రొయ్యలకు కూడా పచ్చి రొయ్యలకు వాడే 0306 అనే కస్టమ్స్ వర్గీకరణ కోడు పడింది. 1605 కింద రావాలి కదా అని రాత్రికి రాత్రి చెక్‌లిస్టు (దాఖలుకు ముందు చూసుకునే ముసాయిదా) సరిచేయించి దాఖలు చేశాను, కంటైనర్ అదే ఓడకు అందింది. “ఇది మీ రెజ్యూమేలో ఎక్కడుంది?” అని అడిగారు. ఎక్కడా లేదు. అది నా పనే కదా, అందులో రాసుకోవడానికి ఏముందనుకున్నాను.

రాత్రి ఒంటిగంటకు రెండు పేజీల కొత్త రెజ్యూమే పంపారు. చదవగానే ఇదంతా గొప్పలు చెప్పుకున్నట్టు ఉందేమోనని అనుమానం వచ్చి, బిల్ ఆఫ్ లేడింగ్ ముసాయిదా చూసినట్టే వరుస వరుసా సరిచూశాను. ఒక్క చోట తేడా దొరికింది. నెలకు 140 షిప్పింగ్ బిల్లులని నేను చెబితే 150 అని పడింది. ఉదయం ఫోన్ చేసి సరిచేయమన్నాను. ఆమె నవ్వి, “మీకు ఉద్యోగం ఎందుకివ్వాలో ఇదే చెబుతోంది” అన్నారు.

పేరు కింద వాక్యాన్ని కూడా మార్పించారు: ‘సముద్ర ఉత్పత్తుల ఎగుమతి పత్రాలు, కస్టమ్స్ వర్గీకరణ, 17 సంవత్సరాలు, విశాఖపట్నం’ అనే అర్థంలో, ఇంగ్లీషులో. రిక్రూటర్లు వెతికేది పని పేరుతోనూ ఊరి పేరుతోనూ గానీ, ‘ఉద్యోగం కోసం చూస్తున్నాను’ అనే మాటతో కాదని చెప్పారు. 220 అక్షరాలు పట్టే ఆ చోటును నేను వృథా చేశానన్నమాట. ఆకుపచ్చ వలయం అందరికీ కనిపించేలా పెట్టించారు. పోస్టును ఇంగ్లీషులో తిరగరాయించి, తన పేజీలో పంచుకున్నారు. చెన్నైలో ఉన్న ఆమె పాత మేనేజరు అది చూశారు. ఆయన ద్వారా మన ఊళ్లోనే ఉన్న ఒక కస్టమ్స్ బ్రోకర్ సంస్థకు (ఎగుమతిదారుల తరఫున కస్టమ్స్ పనులు చూసే సంస్థ) చేరింది. ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందు ఆమె మళ్లీ ఫోన్ చేసి, ఎగుమతికి అనుమతి వచ్చేశాక షిప్పింగ్ బిల్లులో తప్పు కనిపిస్తే ఏం చేస్తారని అడిగి, 1962 కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద సవరణ కోరడం గురించి నాచేత రెండుసార్లు చెప్పించారు. అసలు ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న రాలేదు. కానీ నోరు తడబడలేదు.

మీకెందుకమ్మా ఇంత శ్రమ అని అడిగితే, పండక్కి సెలవు దొరకలేదనీ, మనవైపువారితో కాసేపు తెలుగులో మాట్లాడినట్టు ఉంటుందనీ అన్నారు. అంతకుమించి కారణమేమీ చెప్పలేదు.

ఒక విషయం చెప్పకుండా ఉండలేను. నాకు ఉద్యోగమిచ్చిన సంస్థ కార్యాలయం మా ఇంటికి నాలుగు కిలోమీటర్లు. అదే వీధిలోని మరో సంస్థకు నవంబరులో రెజ్యూమే చేత పట్టుకుని స్వయంగా వెళితే, సెక్యూరిటీ మనిషి పాపం మర్యాదగానే ‘ఆన్‌లైన్‌లో పెట్టండి సర్’ అని గేటు దగ్గరి నుంచే పంపేశాడు. ఆన్‌లైన్‌లో పెడితే, రెజ్యూమే జతచేశాక అందులో ఉన్నదంతా మళ్లీ గడి గడిలో టైపు చేయమంటుంది, చివరికి జవాబు ఇవ్వడానికి వీల్లేని చిరునామా నుంచి ‘ధన్యవాదాలు’ అని ఒక మెయిలు వస్తుంది. మరొక చోట మూడు ఇంటర్వ్యూలు చేసి, ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశారు. లేదని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు కదా. ‘వయసు 35 లోపు’ అని సగం ప్రకటనల్లో ఉంటుంది. అనుభవం మాత్రం పదిహేనేళ్లు కావాలట. టెలిగ్రామ్‌లో ఒక కన్సల్టెన్సీ పేరు చెప్పుకున్నవాళ్లు రిజిస్ట్రేషన్ రుసుమంటూ నా దగ్గర 6,500 రూపాయలు లాగారు. సిగ్గుతో నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇలా ఎవరికైనా జరిగితే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, నాలాగా ఆలస్యం చేయకండి. కొలువు ఇచ్చేవాడు ముందుగా డబ్బు అడగడు. ఎదురుగా ఉన్న గేటు దాటడానికి నేను ముంద్రా, చెన్నైల మీదుగా తిరిగి రావలసి వచ్చిందంటే, ఈ పద్ధతిలో ఏదో పెద్ద లోపమే ఉంది.

మా అమ్మాయి దీనికీ ఒక లెక్క ఉందంటుంది. 1973లోనే మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త, ఉద్యోగాల కబుర్లు దగ్గరివారి కన్నా అంతగా పరిచయం లేనివారి ద్వారానే ఎక్కువగా అందుతాయని రాశారట; 2022లో లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మందిపై జరిగిన పరిశీలన కూడా ఇంచుమించు అదే చెప్పిందట. మనవారికి తెలిసిందే మనకూ తెలుస్తుంది కనుక, కొత్త కబురు బయటినుంచి రావలసిందే. జీతం మునుపటికన్నా మూడు వేలు తక్కువ. ఫరవాలేదు. సంస్థ పేరు రాయడానికి ఇంకా అనుమతి అడగలేదు, మొదటి రోజే అడగడం బాగుండదు.

మా ఆవిడకు, అమ్మకు, అమ్మాయికి కృతజ్ఞతలు. వారికి వేరే చెప్పనక్కరలేదు.

చెన్నైలోని మేనేజరుగారికి విడిగా మెయిలు రాశాను, ఇక్కడా నమస్కారాలు. ఆసీల్‌మెట్ట దగ్గర జిరాక్సు దుకాణంలో నా సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి, ఉద్యోగం వచ్చాక ఇవ్వండని డబ్బు తీసుకోని కుర్రాడికి శనివారం బాకీ తీరుస్తాను. నా గురించి నాలుగు మంచి మాటలు ఇంగ్లీషులో సిఫారసుగా రాసిన పాత డెస్కు తమ్ముడికి కూడా. అతనికింకా ఉద్యోగం దొరకలేదు, మీ ఎరుకలో ఏదైనా ఉంటే దయచేసి నాకు మెసేజి పెట్టండి. ఏ.వి.ఎన్. కాలేజీ మిత్రుల వాట్సాప్ గ్రూపులో పోస్టును పంచుకున్నవారికి, అందరి పేర్లూ గుర్తులేవు.

ఇది పెట్టిన పావుగంటకు మా మేనమామ కొడుకు ఫోన్ చేశాడు. ఇంటర్వ్యూకు తన బండి ఇచ్చిన సంగతి రాయలేదని కోపం. పెట్రోలు కూడా తానే కొట్టించాడట. నిజమే.