బాగుచేసుకున్న పాత పడవకు బీమా అంటే ఇంత చులకనా?

గౌరవనీయులైన సంపాదకులకు,

పది రోజుల కిందట మీ పత్రిక బీమా సలహాల శీర్షికలో ఒక నిపుణులు, పాత వాహనాలకూ పాత వస్తువులకూ ఎక్కువ విలువ వేయించుకోవడం దండగ అనీ, వీలైనంత తక్కువ మొత్తానికి బీమా తీసుకుంటే ప్రీమియం కలిసివస్తుందనీ సెలవిచ్చారు. చదివి ఊరుకునేవాణ్ణే. కానీ ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకున్న మిత్రుడొకరు ‘పత్రికలోనే రాశారు కదండీ’ అంటూ తన చెక్క పడవ బీమాను సగానికి తగ్గించుకోబోతుంటే ఇక ఊరుకోవడం కుదరలేదు.

వానాకాలం వచ్చిందంటే హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీల ఫొటోలను పత్రికలన్నీ ముచ్చటగా వేస్తాయి. వాటిలో కనబడేవి చాలావరకు ఫైబర్‌గ్లాస్ పడవలు. చెక్క పడవలు కూడా కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయని, వాటిని కొందరు సొంత డబ్బుతో బతికించుకుంటున్నారని ఆ ఫొటోలు చూసేవారికి తెలియదు. నాది ఎంటర్‌ప్రైజ్ తరగతి పడవ. 1956లో జాక్ హోల్ట్ అనే ఆంగ్లేయుడు రూపొందించిన నమూనా అది. పొడవు నాలుగు మీటర్లకు కాస్త ఎక్కువ, నడిపేది ఇద్దరు, తెరచాపలు నీలం రంగువి. నా చేతికి వచ్చేనాటికి దాని అడుగు పలకలు మెత్తబడి, వెనుక పలక చివికి, చుక్కాని ఊగుతూ ఉండేది. చివికిన పలకలన్నీ తీయించి, నీటికి తట్టుకుంటుందని తెలిపే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వేయించి, అతుకులన్నిటికీ ఎపాక్సీ జిగురు పట్టించి, ఇనుప స్క్రూలు తుప్పు పడతాయి కనుక ఇత్తడివీ కంచువీ వెతికి తెప్పించి, కొత్త తెరచాపలు కుట్టించి, వార్నిష్ పూత మీద పూత వేయించాను. వడ్రంగి కూలితో కలిపి బిల్లులు నాలుగు లక్షలకు దగ్గరగా వచ్చాయి. ప్రతి దశకూ ఫొటోలు ఉన్నాయి, ప్రతి కొనుగోలుకూ రశీదు ఉంది.

ఈ కాగితాలన్నీ పట్టుకొని ఒక బీమా సంస్థకు వెళితే అక్కడి అధికారి వాటిని తిరగేయనైనా లేదు. ‘తయారైన సంవత్సరం చెప్పండి’ అన్నారు. చెప్పాను. కంప్యూటర్‌లో అంత పాత సంవత్సరం లేదట. ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది ఎంచుకొని, పాతబడినందుకు తరుగుదల తీసేసి, నా పడవ విలువ 40 వేల రూపాయలని తేల్చారు. ఆ డబ్బుకు దాని తెరచాపలు కూడా రావు. ఏ లెక్కన అని అడిగితే, వాహనాలకు ఉన్న పట్టికేనని సమాధానం. ఆ పట్టిక నాకూ తెలుసు: వాహనం కొన్న ఆరు నెలల్లోపు 5 శాతంతో మొదలై, ఐదో ఏడు నిండేసరికి 50 శాతం తరుగుదలతో అది ముగిసిపోతుంది. ఐదేళ్లు దాటిన వాహనానికి యజమానీ సంస్థా కలిసి ఒప్పుకున్నదే విలువ అని ఆ నిబంధనలోనే ఉంది. మోటారు బండ్లకోసం రాసిన పట్టికను పడవకు తగిలించడం ఒక వింత అయితే, ఆ పట్టిక ఆగిపోయిన చోట ఆగకుండా ఇంకా కిందికి లాక్కుపోవడం మరో వింత.

మన దేశంలో మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం, అంటే ఓడల బీమా చట్టం, 1963 నుంచి అమలులో ఉంది. బీమా పాలసీని రెండు విధాలుగా రాయవచ్చని, అందులో ఒకటి విలువను ముందే ఒప్పుకొని పాలసీలో రాసుకునేదని ఆ చట్టం స్పష్టంగా చెబుతుంది. మోసం జరిగిందని తేలితే తప్ప, అలా రాసుకున్న విలువే ఉభయులకూ కట్టుబాటు. పడవ మొత్తంగా పోయినా, కొంత దెబ్బతిన్నా అదే ఆధారం. సముద్రం మీద తిరిగే ఓడలకు ఇది ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. కళాఖండాలకూ ఇలాంటి పాలసీలు రాస్తారు. కార్ల విషయానికి వస్తే, 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువీకరించిన వాటికి ఒప్పుకున్న విలువతో పాలసీ ఇవ్వవచ్చని వాహన బీమా నిబంధనల పుస్తకమైన మోటారు టారిఫ్‌లోనే రాసి ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లో నిలబెట్టిన నిజాం గారి 1912 నాటి రోల్స్ రాయిస్ లాంటి కారుకు ఆ మర్యాద దక్కుతుంది. ఇక 2021లో కేంద్ర రవాణా శాఖ, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్‌గా గుర్తించి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇవ్వడానికి నియమాలు చేసింది. కారుకూ స్కూటరుకూ ప్రభుత్వమే ఇంత ఆలోచిస్తే, పడవ అనేసరికి పాత సామాన్ల బండిలో వేసి తూకం కడతారా?

మీ నిపుణుల సలహా ఎంత ప్రమాదకరమో ఇక్కడే చెప్పాలి. తక్కువకు బీమా తీసుకుంటే ఏమవుతుంది, పడవ పూర్తిగా మునిగినప్పుడు కదా నష్టం అనుకుంటారు చాలామంది. కాదు. అసలు విలువకంటే తక్కువకు బీమా చేయించుకున్నవాడు మిగిలిన భాగానికి తానే బీమాదారుడు అని చట్టం లెక్క. నాలుగు లక్షల పడవకు లక్ష రూపాయలకే బీమా తీసుకొని, గాలివానకు 80 వేల నష్టం జరిగిందనుకోండి; లక్షలోపే కదా అని 80 వేలూ ఇవ్వరు, నాలుగో వంతు కట్టి 20 వేలు చేతిలో పెడతారు. ప్రీమియంలో మిగిలిందనుకున్న డబ్బు ఒక్క మరమ్మతుకు చాలదు. ఇందులో ఇంకో తమాషా ఉంది. పాలసీ ఇచ్చేటప్పుడు ‘మీ పడవ 40 వేలదే’ అన్న సంస్థ, క్లెయిమ్ పెట్టిన రోజున నష్టం అంచనా కట్టే సర్వేయర్‌ను పంపి ‘అసలు విలువ నాలుగు లక్షలు, మీరు తక్కువకు బీమా చేయించుకున్నారు’ అనడానికి ఏ మాత్రం మొహమాటపడదు.

హుస్సేన్‌సాగర్‌లో ప్రమాదం ఎక్కడుంటుందని నవ్వేవారూ ఉన్నారు. నిమజ్జనాల తరువాత నీళ్లలో మిగిలిపోయే ఇనుప చువ్వలు పడవ అడుగుకు ఏం చేస్తాయో వారికి తెలియదు. 2020 అక్టోబరు వానలకు ఆ చెరువు ఎంత నిండిందో నగరం మరిచిపోయిందా? 2025 జనవరి 26 రాత్రి బాణసంచా నిప్పు అంటుకొని అదే నీళ్ల మీద పడవలు తగలబడి మనుషులు గాయపడిన సంగతి మీ పత్రికలోనే చదివాం.

యజమాని చెప్పిన విలువనల్లా ఒప్పుకుంటే మోసాలు జరుగుతాయన్నది సంస్థల వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. బాగుచేయడానికి ఖర్చుపెట్టిన ప్రతి రూపాయీ పడవ విలువగా మారదని నేనూ ఒప్పుకుంటాను. మోజు కొద్దీ వేయించుకున్న పూతలకు బీమా సంస్థ ఎందుకు పూచీ పడాలి? అయితే ఇలాంటి పడవలు మన దగ్గర చేతులు మారేదే అరుదు కనుక, బజారు ధర అనేది చూసి చెప్పడానికి ఉండదు. అలాంటప్పుడు అదే తరగతి పడవను కొత్తగా చేయించాలంటే ఎంత అవుతుందో, ఇప్పుడున్నదాని గట్టితనం ఎంతో, లైసెన్సు ఉన్న సర్వేయర్ ఒకరు వచ్చి పలకలు తట్టి చూసి విలువ కడితే సరిపోతుంది. ఆ ఫీజు యజమానే కట్టుకుంటాడు. రెండు మూడేళ్లకోసారి మళ్లీ చూసుకోవచ్చు. విలువ పెరిగితే ప్రీమియం కూడా పెరుగుతుంది కాబట్టి సంస్థకు పోయేదేమీ లేదు, మోసమని తేలితే చట్టం వారి పక్షానే ఉంది. అయినా ఇదంతా చేయాలంటే ఒక మనిషి కుర్చీలోంచి లేచి నెక్లెస్ రోడ్డు దాకా రావాలి. అదే కుదరడం లేదు.

వెనకటి రోజుల్లో బీమా కార్యాలయంలో అనుమానం వస్తే సరుకు దగ్గరికి వచ్చి చూసే ఉద్యోగి ఒకరుండేవారు. చెక్క చూస్తే టేకో మద్దో చెప్పగలిగేవారు. ఇప్పుడు ఏ కార్యాలయానికి వెళ్లినా, అది బీమా కావచ్చు, బ్యాంకు కావచ్చు, పురపాలక పన్ను కావచ్చు, ‘సిస్టమ్ తీసుకోవడం లేదండీ’ అన్న ఒక్క వాక్యమే సమస్త పాలనకూ సరిపోతోంది. సిస్టమ్ తీసుకోనిది లోకంలో లేనట్టే లెక్క. ఆ సిస్టమ్‌లో గడులు గీసినవారెవరో, వాటిని మార్చే అధికారం ఎవరిదో అడిగితే చెప్పేవారు ఉండరు; టోల్ ఫ్రీ నంబరు ఇచ్చి, అక్కడ సంగీతం వినిపించి, మన ఫోను ‘ఎంతో విలువైనది’ అని పదే పదే గుర్తుచేస్తారు. ఫోనుకు ఉన్న విలువ పడవకు లేకపోయింది.

విచిత్రం ఏమిటంటే, దేశంలోని బీమా సంస్థలన్నిటినీ అదుపులో ఉంచవలసిన ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఉన్నది మన ఊళ్లోనే. ఇప్పుడు నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లింది కానీ, అంతకుముందు బషీర్‌బాగ్ పరిశ్రమ భవన్‌లో ఉండేది. అక్కడినుంచి హుస్సేన్‌సాగర్‌కు నడిచి వెళ్లవచ్చు. బాగుచేసిన పాత పడవలకు, సర్వేయర్ నివేదిక జతచేస్తే ఒప్పుకున్న విలువతో పాలసీ ఇవ్వవలసిందేనని, ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా తెలపాలని ఆ సంస్థ ఒక సర్క్యులర్ జారీ చేయాలి. దానికి కొత్త చట్టం అక్కరలేదు.

ఇక మీ వంతు. ఆ బీమా సలహాల శీర్షికలోనే, అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో, తక్కువ విలువకు బీమా తీసుకుంటే పాక్షిక నష్టానికి కూడా కోత పడుతుందన్న సంగతి వేయించవలసిందిగా కోరుతున్నాను. మా మిత్రుడి పాలసీ గడువు ఈ నెలాఖరుకు ముగుస్తుంది కనుక, వీలైతే అంతకు ముందే వేయించండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మారేడ్‌పల్లి, సికింద్రాబాద్