పెద్దమ్మకు హోమ్ చూసేముందు

చి.ల.సౌ. బుజ్జికి, అమ్మ ఆశీస్సులు.

పెద్దమ్మ కోసం ఆదివారం మూడు హోములు చూసొస్తానన్నావు. ఫోన్లో చెబితే సగం జారిపోతుందని రాస్తున్నాను. ఈ కాగితం వెంట పెట్టుకెళ్లు.

బోర్డు మీద హోమ్ అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. వృద్ధాశ్రమాల్లో చాలావరకు తమ పని తాము చేసుకోగలిగే వాళ్లనే చేర్చుకుంటారు. సీనియర్ సిటిజన్ల కోసమని ఫ్లాట్లు కట్టి ఇచ్చేవి ఓపిక ఉన్న దంపతులకు బాగుంటాయి. పెద్దమ్మకు కావలసింది ఈ రెండూ కాదు. రాత్రీ పగలూ ఆయాలు, సిస్టరు ఉండి, మంచం పట్టినవాళ్లను కూడా చూసుకునే చోటు కావాలి. ఇవాళ వాకర్ పట్టుకుని నడుస్తోంది కదా అనుకోకు. 78 ఏళ్లు, షుగరు, మతిమరుపు. రెండేళ్ల తర్వాతి పెద్దమ్మకు సరిపోయే చోటు చూడు. "మంచం పడితే ఉంచుకుంటారా? రాత్రిళ్లు లేచి అరిస్తే ఉంచుకుంటారా?" అని వెళ్లకముందే ఫోన్లో అడుగు. "అప్పుడు చూద్దాం లెండి" అన్నారంటే, ఆ రోజు వచ్చాక వారంలో తీసుకెళ్లిపొమ్మంటారు. ఉంచుకుంటామన్న మాట ఒప్పంద పత్రంలో ఉండాలి.

పెద్దమ్మ పరిస్థితి ఒక పేజీలో రాసుకో. తినడం, స్నానం, బట్టలు కట్టుకోవడం, బాత్రూమ్‌కు వెళ్లడం, మంచం మీంచి లేచి కుర్చీలో కూర్చోవడం, మూత్రం, విరేచనం ఆపుకోవడం: ఈ ఆరింటిలో ఏది తనంతట తాను చేస్తుందో, దేనికి చెయ్యి పట్టుకోవాలో, రాత్రి ఎన్నిసార్లు లేస్తుందో. ఎక్కడికెళ్లినా అదే పేజీ చూపించు. అది చదవకుండానే నెలకు ఇంత అని చెప్పేవాళ్లు, చేరాక రేటు పెంచుతారు.

హాలు, తోట, గుడి చూపిస్తారు. అవి ఒక చూపు చూస్తే చాలు. మంచం పట్టినవాళ్ల గది చూపించమని అడుగు. వాళ్లకు ఇబ్బందంటే గుమ్మం దగ్గర నిలబడి చూడనివ్వమను. అసలు కుదరదన్నారంటే ఆ చోటు వదిలెయ్యి. ఆ గదిలో మూత్రం వాసన పాతగా, గోడలకు పట్టినట్టు ఉందా? కళ్లు మండేంత ఫినాయిల్ వాసన ఉన్నా అనుమానించు. పెద్దవాళ్ల పెదవులు ఎండిపోయి ఉన్నాయా, గోళ్లు పెరిగాయా, కళ్లజోడు, పళ్ల సెట్టు పెట్టారా, మంచినీళ్ల గ్లాసు చేతికి అందేంత దూరంలో ఉందా? బెల్ ఉంటే నువ్వే నొక్కి, ఎన్ని నిమిషాలకు వస్తారో గడియారం చూడు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, రాత్రి. "రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఎంతమంది ఆయాలు? మెలకువగా ఉంటారా, పిలిస్తే లేస్తారా? తమంతట కదల్లేని వాళ్లు ఎంతమంది?" అని అడుగు. కదల్లేని వాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని మామూలు లెక్క. ఒకరిని తిప్పి, డైపర్ చూసి, దుప్పటి సర్దడానికి పది నిమిషాలు పడుతుంది. పదిహేను మందికి ఒక్క ఆయా ఉంటే ఒక చుట్టుకే 150 నిమిషాలు. రెండు గంటలంటే 120 నిమిషాలే. ఆ మనిషి ఎంత మంచిదైనా, ఒక్క నిమిషం కూర్చోకపోయినా అది జరిగే పని కాదు. పైగా బరువైన వాళ్లను లాగకుండా ఎత్తి తిప్పాలంటే ఇద్దరు కావాలి. ఒక్కరే తిప్పితే పక్క మీద ఈడుస్తారు, చర్మం రేగుతుంది. పిరుదుల మధ్య ఎముక మీద, మడమల మీద పుండ్లు పడేది ఇలాగే. షుగరున్న వాళ్లకు అవి ఓ పట్టాన మానవు.

తిప్పినట్టు చార్టులో సంతకాలుంటాయి. తీసి చూడు. రాత్రంతా ఒకే చేతిరాత, ఒకే ఒరవడి అయితే పొద్దున్నే కూర్చుని నింపారని అర్థం. నువ్వు నాలుగింటికి వెళ్తే ఆరింటి గడి అప్పటికే నిండి ఉంటే ఇక అక్కడ అడగాల్సిందేమీ లేదు. ఆల్ఫా బెడ్ (పంపుతో గాలి నింపే పరుపు) ఉంది కదా, తిప్పక్కర్లేదంటారు. అది తప్పు, ఆ పరుపు మీదున్నా తిప్పాల్సిందే. దాని పంపు కరెంటుతో నడుస్తుంది కాబట్టి కరెంటు పోతే పరుపు గాలి దిగుతుంది. జనరేటర్ ఆ గది దాకా వస్తుందో లేదో అడుగు.

డైపర్ రోజుకు ఎన్ని మారుస్తారు, రాత్రి చివరిసారి ఎప్పుడు? పదింటికి మార్చి మళ్లీ ఆరింటికే అంటే ఎనిమిది గంటల తడి. ఇక్కడ నీకు చిన్నదనిపించేది ఒకటుంది. పెద్దమ్మ "ఒంటికి వస్తోంది" అంటుంది. హైదరాబాద్ హోముల్లో వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన ఆయాలు కూడా పనిచేస్తారు. ఆ పిల్లలు కష్టపడే వాళ్లే కావచ్చు, కానీ ఆ మాట అర్థం కాకపోతే పెద్దమ్మ లేవకముందే తడిసిపోతుంది. నెలలోనే డైపర్ వేసేస్తారు, ఆ తర్వాత నడవడమే మానేస్తుంది. మతిమరుపు ముదిరేకొద్దీ తరవాత నేర్చిన భాషలు ముందు పోయి, ఇంటి భాష మిగలడం మామూలే. ప్రతి షిఫ్టులో తెలుగు వచ్చిన ఒక్కరైనా ఉన్నారా అని తప్పకుండా అడుగు.

మధ్యాహ్నం నాలుగు దాటినా అందరూ మత్తుగా పడుకుని ఉంటే, నిద్రమాత్రలు ఎవరు రాశారో కనుక్కో. మత్తులో లేచి పడిపోతారు, మింగేటప్పుడు పొరబోయి తిండి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మాకు చెప్పకుండా నిద్రకు, గొడవ తగ్గడానికి కొత్త మందు వేయకూడదని ఒప్పందంలో రాయించు. కుర్చీకి చీరతో, దుపట్టాతో కట్టేసి కనిపిస్తే ఆ చోటు వద్దు. మంచానికి పక్క కడ్డీలు వేస్తే చాలనుకునే వాళ్లుంటారు. నడవగలిగిన మతిమరుపు మనిషి ఆ కడ్డీలెక్కి దిగబోతుంది, ఇంకా ఎత్తు నుంచి పడుతుంది. ఆమెకు ఎత్తు తక్కువ మంచం, రాత్రి చిన్న లైటు మంచివి. బాత్రూమ్‌లో కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ, జారని టైల్స్, గడప లేని గుమ్మం, లోపలి నుంచి గడియ పడినా బయటనుంచి తీయగలిగే తలుపు ఉండాలి.

షుగరు సంగతి. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్ గోడకు ఆనుకుని గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు. ఇన్సులిన్ వేశాక టిఫిన్ ఆలస్యమైతే షుగరు పడిపోతుంది, చెమటలు, తికమక. దాన్ని మతిమరుపు అనుకుని వదిలేస్తారు. "70 కంటే తగ్గితే ఏం చేస్తారు?" అని సిస్టర్‌ని అడుగు. మెలకువగా ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తామని తడుముకోకుండా చెప్పాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రాత్రి భోజనం ఆరున్నరకు, పొద్దున టిఫిన్ ఎనిమిదిన్నరకు అయితే మధ్యలో పద్నాలుగు గంటలు. పడుకునేముందు పాలో, జావో ఇస్తారా? నెలకోసారి బరువు చూసి రాస్తారా? పెద్దమ్మ 50 కిలోలు. నెలలో రెండున్నర కిలోలు తగ్గిందంటే డాక్టర్‌కు చూపించాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా. నెల ఫీజులో డైపర్లు, ఫిజియో, డాక్టర్, గ్లవ్స్ కలిసే ఉన్నాయా? ఆస్పత్రిలో చేరితే వెంట ఎవరుంటారు, ఆ రోజులకు కూడా ఫీజు కట్టాలా, డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఏటా ఎంత పెంచుతారు? అన్నీ కాగితం మీద ఉండాలి. ఆధార్ జిరాక్స్ చాలు. ఏటీఎం కార్డు, పాస్‌బుక్, ఖాళీ కాగితం మీద వేలిముద్ర ఇవ్వొద్దు. బంగారు గాజులు తీసి నీ దగ్గర పెట్టు. పెన్షన్‌కు నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, అది నువ్వే చూసుకో. రిజిస్ట్రేషన్, ఫైర్ అనుమతి కాగితాలు అడిగి చూడు, కానీ అవి ఉన్నంత మాత్రాన రాత్రి ఎవరో తిప్పుతున్నారని కాదు. ఎక్కడైనా వృద్ధుల్ని బాధపెడుతున్నట్టు తెలిస్తే 14567 హెల్ప్‌లైన్‌కు చెప్పొచ్చు.

మూడింటిలో ఒకటి నచ్చితే రెండోసారి చెప్పకుండా వెళ్లు, రాత్రి భోజనాల వేళకు. కూర్చోబెట్టి తినిపిస్తున్నారా, పడుకోబెట్టే చెంచాతో నోట్లో పెడుతున్నారా చూడు. ఆ తర్వాత పదిహేను రోజులకు మాత్రం డబ్బు కట్టి ఉంచి చూద్దాం. మొదటి రెండు వారాలు ఏడుస్తుంది, ఇంటికి పోతానంటుంది. అది చూసి వెంటనే తీసుకొచ్చెయ్యకు, అలాగని చూడ్డం మానెయ్యకు. ఆమె దుప్పటి, స్టీలు గ్లాసు, పేర్లు రాసిన ఫొటో పంపుదాం. పొద్దున్నే ముందు కాఫీ అని, ఎడమ చెవి వినిపించదని, కుడి తుంటి నొప్పి అని రాసి మంచం దగ్గర గోడకు అంటించు. వెళ్లినప్పుడల్లా "నేనెవరో చెప్పు" అని పరీక్ష పెట్టకు. "పెద్దమ్మా, బుజ్జిని వచ్చాను" అని నువ్వే చెప్పు. మడమలు, నడుం కింద తప్పకుండా చూడు. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. పెద్దమ్మ చామనచాయ కదా, ఎరుపు కనబడకపోవచ్చు. చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా తగిలినా అదే గుర్తు. ఆ రోజే సిస్టర్‌కు చూపించి, పుస్తకంలో రాయించు.

ఆదివారం రాత్రి ఫోన్ చెయ్యి. ఫీజులు తర్వాత చెబుదువుగాని, మూడు చోట్లా రాత్రి ఎంతమంది ఉంటారన్నారో, బెల్ నొక్కాక ఎన్ని నిమిషాలకు వచ్చారో ముందు అవి చెప్పు.

అమ్మ