సముద్రం లేని ఊరి నుంచి నౌకాదళాధిపతి

సంపాదకులకు నమస్కారం.

గత డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం సందర్భంగా హనుమకొండలోని మా పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలకు 1971 పాకిస్తాన్ యుద్ధంలో మన నౌకాదళం కరాచీ రేవుపై చేసిన దాడి గురించి చెబుతుండగా, వెనుక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచి "సార్, సముద్రం లేని ఊరోళ్లు నేవీలకు పోతరా?" అని అడిగాడు. భద్రకాళి చెరువు, పాకాల తప్ప పెద్ద నీళ్లు చూడని పిల్లవాడికి ఆ సందేహం రావడం సహజం. నేను మన నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయిన వైస్ అడ్మిరల్ రామదాస్ కటారి పేరు చెప్పాను. తరగతిలో ఒక్కరూ ఆ పేరు వినలేదు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో అడిగితే అక్కడా ఎవరూ వినలేదు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

1911లో చెంగల్పట్టులో పుట్టిన కటారి చదువుకున్నది హైదరాబాదులో. 1927లో బొంబాయిలో వాణిజ్య నౌకల అధికారులను తయారుచేసే డఫరిన్ శిక్షణ నౌక ప్రారంభమైనప్పుడు తొలి జట్టులోనే చేరారు. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో నౌకాదళంలో అడుగుపెట్టారు.

ఆ రోజు బోర్డు మీద మూడు ఏళ్లు రాశాను: 1949, 1954, 1958. స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్లలోపే సైన్యానికి కరియప్ప, 1954లో వైమానిక దళానికి సుబ్రతో ముఖర్జీ అధిపతులయ్యారు గానీ, నౌకాదళం మాత్రం పదేళ్లకు పైగా బ్రిటిష్ అధికారుల చేతిలోనే ఉన్నది. ఓడల గుంపును నడిపించే అనుభవం ఏళ్ల తరబడి సముద్రం మీద గడిపితే తప్ప రాదు, 1947 నాటికి మనవారిలో అంతటి సీనియర్లు లేరు. ఆ లోటును కటారి మెట్టు మెట్టుగా పూడ్చారు. 1956లో ఫ్లీటుకు, అంటే సముద్రం మీద తిరిగే యుద్ధనౌకల దళానికి, తొలి భారతీయ అధిపతి అయి, 1958 ఏప్రిల్ 22న మొత్తం నౌకాదళానికే అధిపతి అయ్యారు. మన తొలి విమానవాహక నౌక విక్రాంత్ 1961లో నౌకాదళంలో చేరినప్పుడు, అదే ఏడాది చివర గోవా విముక్తి జరిగినప్పుడు ఆ పదవిలో ఉన్నది ఆయనే.

1962లో పదవీ విరమణ చేశాక ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి చైర్మన్‌గా, ఆ తర్వాత బర్మాలో భారత రాయబారిగా పనిచేశారు. మా పిల్లలు రోజూ బడికి వచ్చే ఎర్రబస్సుల వెనుక కూడా ఆయన శ్రమ కొంత ఉన్నదని చెప్పినప్పుడు వాళ్ల కళ్లు ఎంత పెద్దవయ్యాయో నాకింకా గుర్తు. 1983లో సికింద్రాబాదులో కన్నుమూశారు.

ఇంతటివారి గురించి మన సాంఘికశాస్త్రం పుస్తకంలో కనీసం ఒక పేజీ చేర్చాలని విద్యాశాఖను కోరుతున్నాను. అంతవరకు, రాబోయే డిసెంబరు 4న మీ పిల్లల పేజీలో ఆయన జీవితాన్ని ఫొటోతో సహా ప్రచురించగలరని మనవి. ఆ అబ్బాయి అప్పటికి పదో తరగతిలో ఉంటాడు. ఆ పేజీని నేనే వాడి చేతికి ఇస్తాను.

— ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, హనుమకొండ