మానసిక ఆసుపత్రులు మూసే ముందు: ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

పాత మానసిక ఆసుపత్రులను మూసేయాలన్న ఆలోచన సరైనదే. కానీ ముందు వాటి చరిత్ర చూడండి. 1796లో ఇంగ్లండ్‌లోని యార్క్‌లో విలియం ట్యూక్ తెరిచిన 'రిట్రీట్' అనే మానసిక ఆసుపత్రిలో రోగులకు గొలుసులు లేవు. పని, మాటామంతీ, మర్యాద ఉండేవి. చిన్న చోటు కాబట్టే అది సాధ్యమైందని నా నమ్మకం. తర్వాత కట్టిన భారీ ఆసుపత్రులు కిక్కిరిసిపోయి, వైద్యం తగ్గి కాపలా మిగిలింది.

1950లలో క్లోర్‌ప్రోమజైన్ అనే మానసిక వ్యాధుల మందు వచ్చాక చాలామంది ఇళ్లకు వెళ్లగలిగారు. 1963లో అమెరికా స్థానిక మానసిక ఆరోగ్య కేంద్రాల కోసం చట్టం చేసింది. అనుకున్నన్ని కేంద్రాలు రాలేదు, పడకలు మాత్రం తగ్గిపోయాయి. ఎందరో వీధుల పాలయ్యారు, జైళ్లలో చిక్కుకున్నారు. ఇది తలచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది. ఇటలీలోని ట్రియెస్టె నగరంలో మానసిక వైద్యుడు ఫ్రాంకో బజాలియా బృందం మాత్రం ఆసుపత్రిని ఖాళీ చేస్తూనే ఊళ్లో కేంద్రాలు తెరిచింది.

మూసివేత ఉత్తర్వుపై సంతకం చేసే ముందు, ప్రతి రోగి ఎక్కడ ఉంటారో, మందులు ఎవరిస్తారో రాతపూర్వకంగా ప్రకటించండి.

ఇట్లు,
ఒక పౌరురాలు