ఆర్2డీబీసీ టెస్టుల్లో రోల్‌బ్యాక్

తిరుపతి, చిత్తూరు మిత్రులకు: జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్‌లో ఆర్2డీబీసీ (థ్రెడ్‌ను ఆపకుండా, రియాక్టివ్‌గా డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి) టెస్టు మీద @ట్రాన్సాక్షనల్ పెట్టినా రోల్‌బ్యాక్ (టెస్టు చేసిన మార్పులను వెనక్కి తీసుకోవడం) జరగదండి. టెస్టు మీది @ట్రాన్సాక్షనల్ థ్రెడ్‌లోకల్‌ను (ఒక్కో థ్రెడ్‌కి విడిగా ఉండే నిల్వ) నమ్ముకుంది. రియాక్టివ్ ట్రాన్సాక్షనేమో రియాక్టర్ కాంటెక్స్ట్‌లో (రియాక్టివ్ చెయిన్‌తోపాటు సాగే నిల్వ) ఉంటుంది. ప్రాజెక్టులో జేపీఏ (మామూలు బ్లాకింగ్ డేటాబేస్ పద్ధతి) కూడా ఉంటే మరీ ప్రమాదం: టెస్టు దాని ట్రాన్సాక్షన్‌తో నడిచి పాసవుతుంది, రికార్డులు టేబుల్లోనే మిగిలిపోతాయి.

రియాక్టివ్ ట్రాన్సాక్షన్ మేనేజర్‌తో ట్రాన్సాక్షనల్‌ఆపరేటర్ తయారుచేసుకోండి. దాని ఎగ్జిక్యూట్‌లో ముందు సెట్‌రోల్‌బ్యాక్‌ఓన్లీ పిలిచి, తర్వాత మీ మోనోనో (ఒక్క ఫలితం ఇచ్చేది) ఫ్లక్స్‌నో (చాలా ఫలితాలు ఇచ్చేది) రిటర్న్ చేయండి. వచ్చినదాన్ని స్టెప్‌వెరిఫయర్‌కి (రియాక్టివ్ ఫలితాలను పరీక్షించే టూల్) ఇవ్వండి. సేవ్, ఫైండ్ ఒకే చెయిన్‌లో ఉండాలి. రెండో స్టెప్‌వెరిఫయర్‌కి పాత ట్రాన్సాక్షన్ కనపడదు. మధ్యలో బ్లాక్ (ఫలితం వచ్చేదాకా థ్రెడ్‌ను ఆపే మెథడ్) పిలిస్తే ఆ భాగం విడిగా కమిటైపోతుంది.

నడుస్తున్న సర్వర్‌కి వెబ్‌టెస్ట్‌క్లయింట్‌తో (టెస్టుల్లో హెచ్‌టీటీపీ కాల్స్ చేసే టూల్) రిక్వెస్ట్ పంపితే ఇదేదీ పనిచేయదు, చివర్లో డిలీట్ రాసుకోవాల్సిందే.

సేవ్ చేసిన రికార్డుకి ఐడీ 1 వస్తుందని మాత్రం అసర్ట్ చేయకండి. అలిపిరిలో ఇచ్చేసిన టోకెన్ నంబరులాగే, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సీక్వెన్స్ (ఐడీలు ఇచ్చే కౌంటర్) రోల్‌బ్యాకైనా వెనక్కి రాదు.