టచ్ స్క్రీన్లు పెట్టేముందు కొత్తవాళ్లతో వాడించి చూడండి

సంపాదకులు గారికి,

మెట్రో టికెట్టుకీ, రైలు టికెట్టుకీ, ఆస్పత్రి ఓపీ చీటీకీ మన నగరంలో టచ్ స్క్రీన్ మెషీన్లు వచ్చేశాయి. రావలసినవే. కానీ చాలావాటిని చూస్తే, మొట్టమొదటిసారి వాటి ముందు నిలబడే మనిషిని తయారుచేసినవాళ్లు తలచుకున్నట్టు అనిపించదు.

మొన్న ఒక ఆస్పత్రిలో నా ముందు ఒక పెద్దామె ఉంది. కూలి పనితో వేళ్లు కాయలు కాశాయి. ఈ తెరలు ఎంత గట్టిగా నొక్కామన్నది చూడవు, చర్మం తగిలితేనే పలుకుతాయి. గోటికి పలకవు, ఎండి మొద్దుబారిన వేలిని ఒక్కోసారి గుర్తించవు. ఆ సంగతి ఆమెకు చెప్పేదెవరు? గోటితో నొక్కింది, ఇంకా గట్టిగా నొక్కింది. ఎలాగో ఒక పేజీ తెరుచుకుని పేరు టైప్ చేయమంది. అక్షరాలు వెతుక్కునేలోపే టైమ్ అయిపోయి కథ మొదటికొచ్చింది. వెనకనుంచి "జల్ది కానియ్యమ్మా" అనేసరికి టెన్షన్ పడి పక్కకు తప్పుకుంది.

చదువు లేకపోవడమే కారణమని సరిపెట్టుకోలేం. అక్షరం ముక్క రానివాళ్లు కూడా ఎవరి సాయం లేకుండా ఓటేసి వస్తున్నారు కదా! 2004 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా ఈవీఎంలే వాడారు. గుర్తు పక్కనే నీలం బటన్, నొక్కగానే ఎర్ర లైటు, బీప్ శబ్దం. ఇప్పుడైతే ఓటు ఎవరికి పడిందో చూపించే వీవీప్యాట్ యంత్రంలో చీటీ 7 సెకన్లపాటు కనిపిస్తుంది కూడా. నొక్కింది పడిందో లేదో అన్న అనుమానమే ఉండదు. చూపులేనివారికి బ్రెయిలీ అంకెలున్నాయి. నున్నటి అద్దం మీద వాళ్లు తడిమితే ఏం తెలుస్తుంది? ప్రభుత్వ సేవలు దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతూనే ఉంది.

వేలు తగలగానే బటన్ రంగు మారాలి, చప్పుడు రావాలి. తెలుగు మొదటి తెర మీదే పెద్ద అక్షరాల్లో కనబడాలి. పేరు బదులు ఫోన్ నంబరు అడిగితే చాలామందికి తేలిక. టైమ్ అయిపోయేముందు "ఇంకాస్త సమయం కావాలా?" అని అడిగి, జవాబుకు కనీసం 20 సెకన్లు ఇవ్వాలని దివ్యాంగులూ వాడుకోగలిగేలా వెబ్‌సైట్లకు పెట్టిన డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణాలు 2008 నుంచీ చెబుతున్నాయి. అదే పద్ధతి ఇక్కడా పెట్టొచ్చు. వీటిలో చాలావరకు సాఫ్ట్‌వేర్ మార్పులే, కొత్త మెషీన్లు కొనక్కర్లేదు.

అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఇలాంటి మెషీన్‌ను ఎన్నడూ ముట్టని వాళ్లతో, రద్దీ వేళలో, పక్కనుంచి ఎవరూ చెప్పకుండా వాడించి చూశాకే బిల్లు చెల్లిస్తామని టెండర్లోనే షరతు పెట్టండి. తయారుచేసిన ఇంజనీర్లు అక్కడే నిలబడి చూడాలి. ఎక్కువమంది ఎక్కడ ఆగిపోతున్నారో ఆ పేజీ మార్చాలి. అంతవరకు మనిషి కూర్చునే కౌంటర్‌ను మాత్రం మూసేయకండి.

– ఒక పాఠకురాలు, ముషీరాబాద్, హైదరాబాద్