పాత లెన్సును పాత ఇనుముకు వేయకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఫొటోగ్రఫీ మీద వచ్చిన పేజీ చదివాను. కొత్తగా కెమెరా పట్టేవాళ్లు ఏం కొనాలో బాగానే చెప్పారు. కానీ చివర్లో, తాతల నాటి లెన్సులు డిజిటల్ కెమెరాలకు పనికిరావు, షోకేసులో పెట్టుకోవాల్సిందే అని రాశారు. నా అభ్యంతరం ఆ ఒక్క మాట మీదే. పేపర్లో వచ్చిందంటే జనం నమ్ముతారండీ. రేపు ఎవరో బీరువా సర్దుతుంటే పాత లెన్సు ఒకటి బయటపడుతుంది, పనికిరాదట కదా అని పాత సామాన్లవాడికి వేసేస్తారు. నేను అలాంటి లెన్సుతోనే రోజూ ఫొటోలు తీస్తున్నాను, అదీ డిజిటల్ కెమెరా మీద. అందుకే ఈ ఉత్తరం.

మా పెదనాన్న విశాఖ స్టీల్ ప్లాంటులో పనిచేశారు. ప్లాంటు సోవియట్ సహకారంతో కట్టింది కాబట్టి 1980లలో రష్యన్ ఇంజనీర్లు ఇక్కడుండి పనిచేశారు. వాళ్లలో ఒకాయన తిరిగి వెళ్లిపోతూ తన జోర్కీ-4కె కెమెరాను పెదనాన్న చేతిలో పెట్టి వెళ్లాడు, దాని మీద జుపిటర్-8 లెన్సు, 50 మి.మీ., ఎఫ్/2. కెమెరాలో షట్టర్ గుడ్డ చిల్లులు పడి ఎప్పుడో మూలపడింది. పెదనాన్న పోయిన ఏడాదికి పెద్దమ్మ, "నీకీ పిచ్చి ఉంది కదరా, నువ్వే తీసుకుపో" అని తోలు కేసుతో సహా ఇచ్చేసింది. లెన్సు మీద నంబరు 75తో మొదలవుతుంది. ఆ రోజుల్లో వాళ్ల లెన్సుల నంబర్లో మొదటి రెండంకెలూ తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. అంటే ఇది 1975 నాటిది.

దీన్ని మామూలు డీఎస్ఎల్ఆర్ డిజిటల్ కెమెరా‌కి తగిలిస్తే దూరంగా ఉన్నదేదీ ఫోకస్ కాదు, ఆ మాట నిజమే. బహుశా మీ వ్యాసకర్త అది చూసే అలా రాసి ఉంటారు. ఎస్ఎల్ఆర్‌లో లెన్సుకీ, బొమ్మను పట్టే సెన్సార్‌కీ మధ్య అద్దం ఉంటుంది, దానికి చోటు కావాలి కాబట్టి లెన్సు కూర్చునే చోటు సెన్సార్‌కి దూరంగా ఉంటుంది, నికాన్ ఎఫ్ మౌంట్‌లో (మౌంట్ అంటే లెన్సు తగిలించే అమరిక) అయితే 46.5 మి.మీ. ఈ జుపిటర్ ఏమో 28.8 మి.మీ. దూరంలో కూర్చోవడానికి పుట్టింది. జోర్కీ లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాల్లో అద్దం ఉండదు. అసలు లెన్సులోంచి చూడం, పక్కనున్న కిటికీలోంచి చూస్తాం. దాని మధ్యలో చిన్న వెలుగు మచ్చలో బొమ్మ రెండుగా కనబడుతుంది, లెన్సు రింగు తిప్పుతుంటే ఆ రెండూ దగ్గరికొచ్చి ఒకటైపోతాయి, అక్కడితో ఫోకస్ అయినట్టే.

ఈ కెమెరాల్లో మొదటి డిజిటల్ ఎప్సన్ ఆర్-డి1, 2004లో వచ్చింది. తర్వాత 2006లో జర్మనీ కంపెనీ లైకా వాళ్ల ఎం8, 2009లో ఫిల్మ్ ఫ్రేమంత సెన్సార్‌తో ఎం9. నా దగ్గరున్నది సెకండ్‌హ్యాండ్ ఎం8. బాడీ చవక అని నేననను, దానికోసం చాలాకాలం డబ్బు కూడబెట్టాను. కానీ బాడీ కొన్నాక లెన్సులకు మళ్లీ లక్షలు పెట్టాలనేది మాత్రం ఒప్పుకోను. ఇంట్లో జుపిటర్ ఉండనే ఉంది. రెండోది ఇండస్టార్-61, ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో తయారైంది, అది నాలుగు వేల లోపే వచ్చింది.

పాత లెన్సు కొత్త కెమెరాకు ఎలా పడుతుందో చెప్పాలి, నాకు ఈ సంగతంతటిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. పాత లైకాలకూ, వాటిని చూసి చేసిన రష్యన్ కెమెరాలకూ లెన్సు మరతో బిగుస్తుంది, 39 మి.మీ. వెడల్పు. 1954లో లైకా వాళ్లు ఎం మౌంట్ తెచ్చి, మర తీసేసి, తిప్పితే టక్కున పడే అమరిక పెట్టారు. అప్పుడు లెన్సు కూర్చునే దూరాన్ని 28.8 నుంచి 27.8కి, సరిగ్గా ఒక్క మిల్లీమీటరు తగ్గించారు. అందువల్ల ఒక్క మిల్లీమీటరు మందం రింగు వేస్తే పాత లెన్సు తన అసలు దూరంలోనే కూర్చుంటుంది. అందులో గాజు లేదు, చిప్ లేదు. లెన్సు వెనక అంచున ఒక ఇత్తడి గొట్టం ఉంటుంది, ఫోకస్ రింగు తిప్పినకొద్దీ అది ముందుకీ వెనక్కీ జరుగుతూ కెమెరా లోపలి చిన్న చక్రాన్ని నెడుతుంది, ఆ చక్రం కదిలితే ఫైండర్‌లో బొమ్మలు కదులుతాయి. 1975లో రష్యాలో చేసిన ఇత్తడి 2006 నాటి జర్మన్ చక్రాన్ని నెడుతోందంటే మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

అయితే అంతా సాఫీగా జరిగిందని చెప్పను. మొదటిరోజు మీ పేపరే బల్ల మీద ఏటవాలుగా నిలబెట్టి, ఒక మీటరు దూరంలో, అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే కన్నం) పూర్తిగా తెరిచి, మధ్యలో ఉన్న హెడ్డింగ్ మీద ఫోకస్ చేసి తీశాను. హెడ్డింగ్ మసకబారింది, దానికి రెండు మూడు సెంటీమీటర్లు వెనకున్న చిన్న అక్షరాలు మాత్రం పొడుచుకొచ్చినట్టు స్పష్టంగా ఉన్నాయి. లెన్సు పాడైందేమో అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. పాడవలేదు, కొలత వేరు. జుపిటర్-8 అసలు డిజైన్ జర్మనీ జైస్ వాళ్ల సోనార్, కాంటాక్స్ కెమెరా కోసం చేసింది, యుద్ధం అయ్యాక నష్టపరిహారం కింద ఆ సామగ్రి సోవియట్ వాళ్లకు వెళ్లింది. కాంటాక్స్ లెక్కలో 50 మి.మీ. లెన్సు అంటే నిజానికి 52.4 మి.మీ., లైకా లెక్కలో 51.6. ఈ 0.8 మి.మీ. తేడా దూరంలో ఉన్నవాటికి తెలియదు, దగ్గరికొస్తేనే బయటపడుతుంది. కొందరు లెన్సు విప్పించి లోపల పలచటి రింగు వేయించి సరిచేయిస్తారు. నేను అదేమీ చేయలేదు, మీటరు దూరంలో ఫోకస్ పెట్టాక తల ఒక్క రవ్వ వెనక్కి తీసి నొక్కుతాను, లేదంటే అపర్చర్‌ను ఎఫ్/4కి మూస్తాను. వారంలో చేతికి అలవాటైపోయింది.

ఇక ఫొటో సంగతి. మొన్న పొద్దున్నే పెద్దమ్మ వరండాలో కూర్చుని చేటలో మునగాకు దూస్తోంది, ఎండ వెనకనుంచి పడుతోంది. ఎఫ్/2లో తీశాను. కంటి దగ్గర ముడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, చెవి దగ్గరికి వచ్చేసరికే మెత్తబడిపోయింది, నెరిసిన జుట్టు చుట్టూ సన్నటి వెలుగు పొర కమ్ముకుంది. కొత్త లెన్సయితే ఆ వెలుగును లోపలే అణిచేస్తుంది, నీడల్ని నల్లగా ఉంచుతుంది. ఇది అణచదు, గాజు మీద పాత కోటింగ్ (పూత) కదా, వెలుగు కొంచెం చిందుతుంది, నీడలో ఉన్న చీర అంచు కూడా కనబడుతుంది. దీన్ని లోపం అనేవాళ్లున్నారు. పెళ్లి ఫొటోలు తీసి బతికేవాళ్లకు లోపమే కావచ్చు, ఎండకు ఎదురుగా తీస్తే బొమ్మంతా పాలిపోయే మాటా నిజమే. కానీ పెద్దమ్మ మొహానికి ఇంతకంటే బాగా నప్పిన లెన్సును నేను చూడలేదు. అదీ పెదనాన్న లెన్సు.

కొనేవాళ్లకు ఒకటి గట్టిగా చెప్పాలి. అమ్మేవాళ్లు "39 మర" అని మాత్రమే రాస్తారు, పాత రష్యన్ జెనిట్ ఎస్ఎల్ఆర్ లెన్సులదీ అదే వెడల్పు. మీ కెమెరాకు బిగుస్తుంది కూడా, కానీ అది 45.2 మి.మీ. దూరం లెక్కన చేసింది, రేంజ్‌ఫైండర్ చక్రాన్ని తాకే ఇత్తడి గొట్టమూ ఉండదు. నా స్నేహితుడు అలాగే మోసపోయాడు. జుపిటర్-12 అనే 35 మి.మీ. లెన్సుకు వెనక గాజు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, బల్ల మీద వెనకవైపు ఆనించి పెట్టారంటే గీత పడటం ఖాయం. రింగు తిప్పితే బిర్రుగా ఉందంటే గ్రీజు ఎండిపోయింది, అది బాగుచేయించుకోవచ్చు.

ఫంగస్ మాత్రం మన తీరం వాళ్లకు పెద్ద గండం. తోలు కేసు అందంగా ఉంటుంది కానీ తేమను పట్టి ఉంచుతుంది, మా విశాఖ గాలికి అందులో పెట్టి బీరువాలో దాచారంటే గాజు లోపల సాలెగూడు లాంటి పోగులు అల్లుకుంటాయి. పెదనాన్న లెన్సులోనూ ఒక మూల మొదలైంది. ఇక్కడ ఒక రిపేరు షాపులో చూపిస్తే, బాబూ ఇది బాగుచేసే సరుకు కాదు, పారేసి కొత్తది కొనుక్కో అన్నారు. ఇంకో పెద్దాయన ఒక్క పూటలో విప్పి తుడిచి ఇచ్చారు. ఇప్పుడు గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతున్నాను, పొట్లాలు తడిసి రంగు మారితే వేడిచేసి మళ్లీ వేస్తాను. ముఖ్యంగా లెన్సును వాడుతూ ఉంటాను.

కాబట్టి నా విన్నపం ఇది. ఆ వాక్యాన్ని సవరిస్తూ ఒక్క ముక్క వేయండి. ఇంట్లో పాత కెమెరా ఉన్నవాళ్లు అమ్మేముందు లెన్సు విప్పి, చీకటి గదిలో వెనకనుంచి టార్చి వేసి లోపలికి చూడమనండి. గాజు శుభ్రంగా ఉంటే అది బతికున్నట్టే. రేంజ్‌ఫైండర్ కొనే స్థోమత లేకపోయినా ఫర్వాలేదు, ఇప్పుడొస్తున్న, అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకూ సరిపడా రింగుతో ఇదే లెన్సు పడుతుంది, స్క్రీన్ మీద చూస్తూ ఫోకస్ చేసుకోవచ్చు.

పెద్దమ్మ ఫొటో ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను, కంప్యూటర్లో ఏమీ దిద్దలేదు. మీరు వేసుకుంటే పెద్దమ్మకు అభ్యంతరం లేదు, అడిగే పంపుతున్నాను. కింద లెన్సు పేరు కూడా వేయమంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం